ఇంట కట్టిన ఓడ

ఓడల చరిత్ర వ్రాసినవారు రేవులతో ప్రారంభించి, వర్తకం మీదుగా యుద్ధాలకు, వలసలకు నడచిపోవడం పరిపాటి. ఆ మార్గంలో కనిపించని ఓడ ఒకటి కలదు. అది సముద్రాన్ని చూచి ఎరుగదు. దానికి సరంగు లేడు, కళాసీలు లేరు, సరుకు లేదు. పొడవు రెండు మూడు మూరలకు మించదు. రాత్రి భోజనాలయి, బల్ల ఖాళీ అయి, పిల్లలు నిద్రపోయిన పిమ్మట, ఒక్కొక్క పలకను అతికించుకొంటూ నెలల తరబడి, కొన్నియెడల సంవత్సరాల తరబడి గృహస్థు ఇంటిలో కట్టే కొయ్య ఓడ అది. దీనిని కాలక్షేపమని త్రోసిపుచ్చడం సులభమే. కాని ఈ చిన్న ఓడకు కూడ దీర్ఘమైన పూర్వచరిత్ర ఉన్నది. అంతేకాదు, పెద్ద ఓడల నిర్మాణవిద్యలో నశించిపోయినదానిని కొంతైనా నిలిపి ఉంచిన ఘనత పెక్కుచోట్ల ఈ చిన్న ఓడదే. ఆ చరిత్రలో ఇంటికి, పిల్లలకు గల స్థానమెట్టిదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ఓడను కట్టేవాడు మొదట కాగితంపై పటం గీసి, ఆ పటాన్నిబట్టి కొయ్య కోస్తాడని మనం అనుకొంటాం. చరిత్రలో ఎక్కువకాలం అట్లు జరుగలేదు. కొలతలతో కూడిన ఓడ పటాలు యూరపులో సైతం 15, 16 శతాబ్దాలలో గాని వాడుకలోనికి రాలేదు. అంతకు పూర్వం వేల సంవత్సరాలపాటు ఓడ రూపం వడ్రంగి కంటిలో, చేతిలో ఉండేది. పెద్దవాని చేతినుండి చిన్నవాని చేతికి దిగివచ్చేది. పటం కంటె నమూనా చాల పాతది.

ఈ మాటకు నిదర్శనాలు మూడు దేశాలనుండి చూపవచ్చును. మొదటిది ఈజిప్టు. 1920లో అమెరికా దేశపు మెట్రోపాలిటన్ మ్యూజియం పక్షాన త్రవ్వకాలు జరిపిన హెర్బర్ట్ విన్‌లాక్, థీబ్స్ నగర పరిసరాలలో మెకెత్రే అను ఉన్నతాధికారి సమాధిలో ఒక రహస్యపు గదిని కనుగొన్నాడు. అందులో సుమారు 4,000 సంవత్సరాలనాటి కొయ్య నమూనాలు, చేసినవారు ఉంచిన తీరునే, రంగు చెడక ఉన్నవి. పశువుల కొట్టం, ధాన్యపు గాదె, నేతశాల, వడ్రంగిశాల వాటిలో ఉన్నవి. వాటితోపాటు అనేకమైన పడవలు. యజమాని ప్రయాణం చేసే పడవ వెనుక వంటపడవ ఒకటి ఉన్నది. పరలోక యాత్రకు సైతం వంటను మరువని ఆ శిల్పి, పెద్ద పడవ ఒంటరిగా పోజాలదని, దాని వెనుక ఒక ఇల్లు కూడ కదలిపోవాలని గుర్తించినాడు.

రెండవ నిదర్శనం మన దేశంలోనిదే. గుజరాతులోని లోథల్‌లో 1955 మొదలుకొని ఎస్. ఆర్. రావుగారి ఆధ్వర్యాన జరిగిన త్రవ్వకాలలో కాల్చిన మట్టి పడవ బొమ్మలు దొరికినవి. వాటిలో ఒకదానికి ముక్కు కోసుగా ఉండి, తెరచాప కొయ్యను నిలుపుకొనేందుకు రంధ్రం ఉన్నది. ఆ రేవునుండి పోయిన ఓడలలో ఒక్క పలకకూడ మనకు మిగులలేదు. సింధు నాగరికతనాటి నావలను గురించి నేడు మనం చెప్పగలిగినది ముద్రలపై గీతలనుండి, ఇటువంటి మట్టిబొమ్మలనుండి గ్రహించినదే.

మూడవది నార్వే దేశపుది. ట్రోండ్‌హైమ్ నగరానికి చేరువలో గల అర్లాండ్ ప్రాంతంలో విమానాశ్రయ విస్తరణకు ముందు త్రవ్వకాలు జరిపినప్పుడు, పూడిపోయిన బావిలోనుండి సుమారు 1,000 సంవత్సరాలనాటి కొయ్య పడవ ఒకటి బయటపడినది. అది ఆటబొమ్మ. ముక్కును శ్రద్ధగా చెక్కి, నడుమ తెరచాప కొయ్యకు తొలిచినారు. అది రాజుల కోట కాదు, సామాన్యపు రైతు నివాసం. చలి, పొలం, పశువులు, చేపల వేట, ఇన్నింటి నడుమ ఎవరో ఒకరు కూర్చుండి ఒక బిడ్డ కొరకు ఓడను చెక్కినారనీ, ఆ బిడ్డకు ఆడుకొనే తీరిక ఉన్నదనీ ఆ చిన్న కొయ్యముక్కవలన తెలిసినది. సమాధిలోని పడవ రాజ్యవైభవాన్ని చెప్పగలదు గాని, ఈ సంగతిని చెప్పలేదు.

ఇక మన తీరానికి వద్దాం. క్రీ.శ. రెండవ శతాబ్దిలో శాతవాహనులు రెండు కొయ్యల ఓడను నాణెంపై ముద్రించినారు. యజ్ఞశ్రీ శాతకర్ణి పేర గల ఈ సీసపు నాణేలు చరిత్రకారులకు సుపరిచితాలు. బొటనవ్రేలి గోరంత స్థలంలో ఓడను ఇమిడ్చిన ఆ ముద్రను మన మొదటి ఓడ నమూనాలలో ఒకటిగా లెక్కించినా తప్పులేదు. తరువాత వెయ్యి సంవత్సరాలకు, 1244-45లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించినాడు. తుపానుకు చిక్కి తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాగుకొనేవారనీ, తాను సుంకం తప్ప మరేమీ తీసుకొననని సముద్రవర్తకులకు అభయమిస్తున్నాననీ ఆ శాసనం తాత్పర్యం. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి ద్వీపాంతర వర్తకుడే. ఓడమీద వచ్చిన కర్పూరం, కస్తూరి మన కావ్యాలలోనికి ధారాళంగా వచ్చినవి. ఆ ఓడను కట్టిన వడ్రంగి మాత్రం కావ్యంలోనికి రాలేదు.

శాస్త్రగ్రంథాలలోనైనా వచ్చెనా అంటే అదీ అంతంత మాత్రమే. భోజరాజు పేర ప్రసిద్ధమైన యుక్తికల్పతరువు సంస్కృతంలో నౌకలను గూర్చి చెప్పిన అరుదైన గ్రంథం. 1912లో రాధాకుముద్ ముఖర్జీగారు ప్రకటించిన భారతీయ నౌకాచరిత్ర వలన అది లోకానికి తెలిసినది. కొయ్యను జాతులుగా విభజించి, నౌకలను పొడవు వెడల్పులనుబట్టి వర్గీకరించి, పలకలను ఇనుముతో కూర్చరాదని, సముద్రంలోని అయస్కాంతపు రాళ్ళు లాగుతాయని హెచ్చరించిన గ్రంథం అది. పేర్లున్నవి, కొలతలున్నవి. అయినా దానిని ముందు పెట్టుకొని ఏ వడ్రంగీ ఓడను కట్టజాలడు. పలకను ఎంత వంచాలి, ఎప్పుడు తడపాలి, నారను ఎంత బిగువుగా లాగాలి అనే విద్య శ్లోకాలలో లేదు.

ఆ విద్య గోదావరి ముఖద్వారంలో, కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాలలో ఉండేది. 18వ శతాబ్ది ఉత్తరార్ధం మొదలు 19వ శతాబ్ది మధ్యభాగం వరకు కోరంగి ఈ తీరంలో ఓడలు కట్టడానికి, మరమ్మతు చేయడానికి పేరుపొందిన స్థలం. అక్కడి ఓడలు రంగూను, మౌల్మేను రేవులకు పోయేవి. బర్మాలో తెలుగువారందరికీ కోరంగివారనే పేరు స్థిరపడినది. 1843లో కోరంగి పేరు పెట్టుకొన్న ఓడ ఒకటి తెలుగు కూలీలను మారిషస్‌కు చేర్చినది. కాని అదే రేవును 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను ఉప్పెనలు ముంచెత్తినవి. వేలకొద్దీ జనం పోయినారు. ఇసుక మేటలు వేసి రేవు పూడినది, కాకినాడ పైకి వచ్చినది, పొగ ఓడలు వచ్చినవి. క్రమంగా కోరంగి పేరు మిగిలినది, ఓడ మిగులలేదు.

బొంబాయి అదృష్టం వేరు. 1736లో సూరతునుండి బొంబాయి చేరిన లవ్జీ నస్సర్వాన్జీ వాడియా వంశస్థులు తరతరాలుగా అక్కడి ఓడలశాలకు ప్రధాన శిల్పులై, తండ్రి ప్రక్కన కొడుకును నిలిపి పని నేర్పినారు. 1817లో వారు టేకుతో కట్టి నీటిలోనికి దించిన ట్రింకమలీ అను యుద్ధనౌక నేటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నీటిపై తేలుతూ ఉన్నది. కోరంగి శిల్పులకు ప్రభుత్వపు లెక్కల పుస్తకాలు లేవు, చిత్రపటాలు లేవు, వారి ఓడలను దాచుకొన్న రేవు లేదు.

అయితే వారి పడవల జాతికి చెందిన రూపాలను ఒక పరదేశి కొలిచి వ్రాసుకొన్నాడు. ఫ్రాంసువా ఎద్మొన్ పారీ అను ఫ్రెంచి నౌకాధికారి 1806లో జన్మించినాడు. మూడు పర్యాయాలు భూప్రదక్షిణం చేసినాడు. ఆ యాత్రలలో ఒకమారు యంత్రంలో చిక్కి ఎడమ చేతిని కోల్పోయినాడు. తన ఓడ ఆగిన ప్రతి రేవులోను స్థానికుల పడవలను కొలిచి, బొమ్మ గీసి, 1840 దశకం తొలి సంవత్సరాలలో పెద్ద గ్రంథంగా వెలువరించినాడు. మన తూర్పుతీరపు దోనె, కట్టుమరం, అలలను దాటడానికి మేకులు లేక నారతో కుట్టిన మసూలా పడవ అందులో ఉన్నవి. 1871 నుండి అతడు లూవ్రు భవనంలోని నౌకా ప్రదర్శనశాలకు అధిపతియై, తన కొలతలనుబట్టి అనేకమైన చిన్న నమూనాలను కట్టించినాడు. మేకులు కొట్టిన పడవ అల తాకితే పగులుతుంది. కుట్టిన పడవ అలతో పాటు వంగి లేస్తుంది. ఈ రహస్యాన్ని మన జాలరులు చేతితో ఎరుగుదురు. దానిని తూచి, కొలిచి, చిన్నదిగా చేసి నిలుపుకోవడం మాత్రం పారిస్ నగరంలో జరిగినది. మనవారి విద్యకు ఇది గౌరవమా, మనకు లోపమా అని ఆలోచించదగిన విషయం.

చిన్న నమూనా పెద్దవారికి సైతం పాఠ్యపుస్తకమైన సందర్భం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆంగ్ల దినచర్య రచయితగా సాహిత్యలోకానికి పరిచితుడైన సామ్యుయెల్ పీప్స్ నౌకాశాఖలో ఉద్యోగి. 1662లో, 29 ఏండ్ల వయసున, తనకు లెక్కలు రావనీ, ఓడల సంగతి తెలియదనీ గ్రహించి, కూపర్ అను నావికుని గురువుగా పెట్టుకొన్నాడు. మొదట ఎక్కాలు వల్లించినాడు. పిమ్మట ఒక ఓడ నమూనాను ముందు పెట్టుకొని ఒక్కొక్క కొయ్య పేరు, ఒక్కొక్క త్రాటి పేరు నేర్చుకొన్నాడు. తరువాతి కాలంలో ఆంగ్ల నౌకాదళాన్ని సంస్కరించిన పరిపాలకుడు ఓడను చదువుకొన్నది చిన్నపిల్లలు బొమ్మను చూపుతూ పేర్లు అడిగే పద్ధతిలోనే.

ఆ శతాబ్దంలోనే ఇంగ్లండులో నౌకామండలి నమూనాలను కట్టడం వృద్ధి పొందినది. అడుగుకు పావు అంగుళం, అనగా 48వ వంతు, వాటికి ప్రసిద్ధమైన కొలత. అడుగుభాగాన పలకలు వేయక విడిచిపెట్టేవారు. లోపలి వంపు కొయ్యలు ప్రక్కటెముకలవలె కనిపిస్తూ ఉండేవి. నెల్సన్ నడిపిన విక్టరీ ఓడ 1765లో నీటిలోనికి దిగినది. దాని ఫిరంగుల అంతస్తు పొడవు 186 అడుగులు. పై కొలత ప్రకారం అది 46న్నర అంగుళాలవుతుంది. ఒక మనిషి రెండు చేతులతో ఎత్తుకోదగిన పరిమాణం. ఓడ చిన్నదైనకొద్దీ దానిలోని పని చిన్నది కాదు, ఇంకా సూక్ష్మమవుతుంది. నిజమైన ఓడలో చేతి బొటనవ్రేలంత లావు గల త్రాడు ఇక్కడ దారమవుతుంది. దారానికి వేయవలసిన ముడులు మాత్రం అన్నీ ఉంటాయి.

ఇట్టి పనికి పండితులే కావాలన్న నియమం లేదని నిరూపించినవారు ఫ్రెంచి ఖైదీలు. నెపోలియన్ యుద్ధకాలంలో ఇంగ్లండులోని పీటర్‌బరో సమీపాన నార్మన్ క్రాస్ అనుచోట 1797లో యుద్ధఖైదీల శిబిరం ఏర్పడి 1814 వరకు నడచినది. భోజనంలో వచ్చిన మాంసపు ఎముకలను శుభ్రపరచి, సన్నని పలకలుగా కోసి, ఖైదీలు ఓడలు కట్టినారు. పటాలు లేవు, తాము పనిచేసిన ఓడల జ్ఞాపకమే ఆధారం. శిబిరం ద్వారం దగ్గర జరిగే సంతలో వాటిని అమ్ముకొని ఆహారం, బట్టలు కొనుక్కొనేవారు. అవి నేడు మ్యూజియములలో అపురూప వస్తువులు. ఆ ఖైదీలకు పనిముట్లు కొరత, సామగ్రి కొరత. మిగిలినది సమయం ఒక్కటే.

గృహస్థుకు సమస్య సరిగా దీనికి వ్యతిరేకం. అతనికి సామగ్రి దొరుకుతుంది, సమయం దొరకదు. 1920 ప్రాంతాలలో, తెరచాప ఓడలు సముద్రంనుండి మాయమైపోతున్న కాలంలో, అమెరికాలోను ఇంగ్లండులోను సామాన్య గృహాలలో ఓడ నమూనాలు కట్టే అభిరుచి ప్రబలినది. 1926లో చార్లెస్ డేవిస్ ఇంటిలో ఓడ కట్టేవారికి ఉపయోగించే పుస్తకాన్ని ప్రకటించినాడు. ఇంగ్లండులో నెపియన్ లాంగ్రిడ్జ్ అను వైద్యుడు విక్టరీ ఓడ నమూనాను కట్టి, కట్టిన విధమంతా 1955లో గ్రంథంగా వ్రాసినాడు. ఆ నమూనా లండనులోని సైన్స్ మ్యూజియంకు చేరినది. నావికులు విడిచిపెట్టిన విద్యను గుమాస్తాలు, వైద్యులు, ఉపాధ్యాయులు సాయంకాలపు తీరికలో పట్టుకొన్నారు. ఓడ సముద్రాన్ని విడిచి ఇల్లు చేరిన ఘట్టం ఇది.

ఇంటిలో ఓడ ఎట్లు తయారవుతుందో కొంచెం చెప్పడం అవసరం. మొదట వెన్నెముక వంటి అడుగు దూలం. దానిపై అడ్డంగా వరుసగా చట్రాలు. వాటిపై ముక్కునుండి వెనుక భాగం వరకు సన్నని పలకలు. పలకను నీటిలో నానబెట్టి, వేడి చూపి, మెల్లగా వంచి, జిగురుపెట్టి, ఆరేవరకు బిగించి ఉంచాలి. కుడిప్రక్క ఒక పలక వేస్తే ఎడమప్రక్క ఒక పలక వేయాలి; ఒకే ప్రక్క వరుసగా వేసుకొంటూ పోతే వెన్నెముకే వంకర తిరుగుతుంది. పొట్ట దగ్గర ఓడ వెడల్పు, ముక్కు దగ్గర సన్నం; కనుక ప్రతి పలకనూ చివరలకు పోయినకొద్దీ సన్నగా చెక్కాలి. అటుపిమ్మట కొయ్యలు, చాపలు, త్రాళ్ళు. కొయ్యలకు ఎక్కే త్రాటినిచ్చెనలలో ప్రతి మెట్టుకూ, ప్రతి నిలువు త్రాటికీ ఒక ముడి. పెద్ద ఓడ నమూనాలో ఇవే వందలు, వేలు.

ఈ పనిని చూచినప్పుడు ఒక సంగతి స్ఫురిస్తుంది. జిగురు ఆరాలి, నానిన పలక వంపు తేరాలి, రంగు ఎండాలి. పని కంటె నిరీక్షణ ఎక్కువ. పసిబిడ్డ ఉన్న ఇంటిలో దొరికే సమయం కూడ ఇటువంటిదే: అరగంట పని, మూడు గంటల విరామం, ఉయ్యాలలో బిడ్డ కదిలితే చేతిలోనిది దించి లేవాలి. గ్రంథరచనకు, సంగీత సాధనకు ఈ తునకల సమయం చాలదని వాపోయేవారున్నారు. కొయ్య ఓడకు మాత్రం అది చాలును. ఒక పలక అతికించి, బిగించి, బిడ్డను ఎత్తుకోవచ్చును. బిడ్డ మళ్ళీ నిద్రించేసరికి పలక ఆరి ఉంటుంది. ఇందువలననే ఈ పని ఇంటిలో నిలువగలిగినది.

అయితే ఇల్లు ఓడకు నియమాలు పెడుతుంది. కత్తి, సూది, జిగురుసీసా పిల్లల చేతికి అందని ఎత్తున ఉండాలి. మిరియపు గింజంత కప్పీలు పసివాని నోటికి పోకుండ ప్రతిరాత్రీ లెక్కపెట్టుకోవాలి. భోజనవేళకు బల్ల ఖాళీ చేయాలి. కనుక ఓడను పీటపై నిలిపి, పీటతోసహా ఎత్తి అటక మీద పెట్టే ఏర్పాటు కావాలి. నాలుగైదేండ్ల బిడ్డ చూస్తూ ఊరుకోదు. దానికీ ఒక కొయ్యముక్క, ఒక గుడ్డపీలిక ఇచ్చి ఓడ కట్టుకోమనాలి. ఆ రెండవ ఓడ ఒక గంటలో పూర్తయి, అదేరోజు నీటితొట్టెలో తేలుతుంది. తండ్రి ఓడ ఇంకా ప్రక్కటెముకల దశలోనే ఉంటుంది. ఈ రెంటిలో ఏది ఓడ అని బిడ్డను అడిగితే సమాధానం గూర్చి సందేహం లేదు.

ఇక్కడ చరిత్రకారుడు దాటవేయరాని ప్రశ్న ఒకటి ఉన్నది. అద్దాల బీరువాలలో ఉన్న ఓడల క్రింద వ్రాసిన పేర్లు దాదాపు అన్నీ పురుషులవే. ఆ ఓడలు కట్టిన సాయంకాలాలలో పిల్లలకు అన్నం పెట్టినదెవరు? జోల పాడినదెవరు? తునకల సమయం అన్నాము. ఆ తునకలు ఒకరికి దొరకడానికి మరొకరి సమయం ముక్కలు కావలసి వచ్చినది. ఆమె పేరు ఫలకంపై లేదు. ఆమె చేతిలో ఓడ ఏదీ తయారు కాలేదా?

తయారైనది. దానిని మనం ఓడగా లెక్కించలేదు. కార్తికమాసం ముగిసి మార్గశిర శుద్ధ పాడ్యమి వచ్చిన తెల్లవారుజామున, తెలుగుదేశపు ఏటి ఒడ్డులలో, చెరువు గట్లపై స్త్రీలు అరటి దొప్పలలో దీపాలు పెట్టి నీటిలో విడుస్తారు. అది పోలిపాడ్యమి. ఆ కథ మనకందరికీ తెలిసినదే. అత్తగారు, తోడికోడళ్ళు నదికి పోయి దీపాలు పెడుతూ, చిన్నకోడలిని ఇంటిపనికి విడిచిపోతారు. నూనె, వత్తి ఆమెకు అందకుండ చేస్తారు. ఆమె చెట్టుక్రింద రాలిన ప్రత్తితో వత్తి చేసుకొని, కవ్వానికి అంటిన వెన్న తీసి, ఉన్న చోటనే దీపం వెలిగించి, ఎవరికంటా పడకుండ బుట్ట మూస్తుంది. విమానం ఆమె కొరకే దిగివస్తుంది. ఇంటిపని నడుమ, మిగిలిన తునకలతో, మిగిలిన సమయంలో ఒక వస్తువును చేసిన మనిషి కథ ఇది. ఎముకలతో ఓడ కట్టిన ఖైదీకీ, కవ్వపు వెన్నతో దీపం పెట్టిన కోడలికీ సామగ్రి విషయంలో భేదం లేదు.

ఉత్తరాన ఒరిస్సా తీరంలో ఇదే ఆచారం చరిత్రతో మరింత సన్నిహితంగా కలిసి ఉన్నది. కార్తిక పౌర్ణమినాటి వేకువను అక్కడ బొయిత బందాణ అంటారు. బొయిత అనగా సముద్రంపై పోయే ఓడ. అరటి బోదెతో, బెండుతో, కాగితంతో చిన్న ఓడలు చేసి, తమలపాకు, వక్క, దీపం పెట్టి, తల్లులూ పిల్లలూ మహానదిలోను, చెరువులలోను విడుస్తారు. పూర్వం సాధవులనే వర్తకులు ఈ పర్వదినాన జావా, బలి ద్వీపాలకు బయలుదేరేవారని ఐతిహ్యం; కటకంలో జరిగే తిరునాళ్ళకు బలియాత్ర అనే పేరు. ఆ వర్తకుల ఓడలు లేవు, వారి లెక్కల పుస్తకాలు లేవు. కళింగులు సముద్రాలు దాటినారన్న జ్ఞాపకాన్ని శతాబ్దాలపాటు ఏటేటా నిలిపినవారు, తెల్లవారుజామున నిద్రకండ్లతో లేచి అరటి బోదెను నీటిలో త్రోసిన పిల్లలు.

ఈ విధంగా చిన్న ఓడకు రెండు సంప్రదాయాలు ఏర్పడినవి. ఒకటి కట్టి దాచుకొనేది. రెండవది కట్టి విడిచిపెట్టేది. మొదటిదానిలో కొలత ముఖ్యం, ఒక్కసారి చేస్తే 300 ఏండ్లు ఉంటుంది. రెండవదానిలో కొలత లేదు, ఒక్క వేకువ మాత్రమే ఉంటుంది. కాని మరుసటి ఏడు మళ్ళీ చేయవలసి ఉంటుంది కనుక, ప్రతి తరంలోను చేసే చేతులు ఉంటాయి. ఒకటి వస్తువును కాపాడుతుంది, రెండవది చేయడాన్ని కాపాడుతుంది.

రవీంద్రుని జీవితంలో ఈ రెండవ జాతి ఓడ ఒకమారు కనిపిస్తుంది. 1902 నవంబరులో ఆయన భార్య మృణాళినీదేవి మరణించినది. 1903లో వ్యాధిగ్రస్తురాలైన కుమార్తె రేణుకను ఆల్మోరా కొండలకు తీసుకొనిపోయి, తల్లిలేని పిల్లలను చూచుకొంటూ, శిశు అనే సంపుటిలోని గీతాలలో పెక్కింటిని ఆయన వ్రాసినాడు. ఆ ఏడే రేణుక కన్నుమూసినది. 1907లో చిన్న కుమారుడు శమీంద్రుడు పోయినాడు. కాగితపు పడవలు విడిచే బాలుని గూర్చిన గీతం ఆ సంపుటిలోనిదే. 1913లో ఆంగ్లంలో నెలవంక పుస్తకం ద్వారా అది లోకమంతటికీ చేరినది. ఆ గీతాలను చదివేవారు వాటిలోని లాలిత్యాన్ని మెచ్చుకొంటారు. రోగిష్ఠి బిడ్డ మంచం ప్రక్కన, మందు వేళలకూ నిద్ర వేళలకూ నడుమ, తునకల సమయంలో అవి తయారైనవన్న సంగతి కూడ గుర్తుంచుకోవడం న్యాయం.

దాచుకొన్న ఓడ, విడిచిన ఓడ తిరిగి కలిసిన సందర్భం మన కాలంలోనే వచ్చినది. అజంతా గుహలలో ఐదవ శతాబ్దినాటి ఓడ చిత్రం ఒకటి కలదు. దానిని ఆధారం చేసుకొని, మేకులు లేకుండ, పలకలను కొబ్బరినార త్రాళ్ళతో కుట్టి భారత నౌకాదళం ఒక ఓడను కట్టించినది. కేరళకు చెందిన బాబు శంకరన్ అను ప్రధాన శిల్పి, ఆయన బృందంవారు దానిని కుట్టినారు. పటాలేవీ లేనందున, దాని నడకను మద్రాసు ఐ.ఐ.టి.లో నమూనా సహాయంతో ముందుగా పరీక్షించినారు. 2025 మే నెలలో కార్వారులో కౌండిన్య అనే పేరుతో అది నౌకాదళంలో చేరినది. పురాతన నావికుని పేరు గల ఆ ఓడ ఆ సంవత్సరం డిసెంబరు చివర పోర్బందరునుండి ఒమాను దేశానికి బయలుదేరినది. అందులో పరిశోధకుల లెక్క ఉన్నది, గోడమీది బొమ్మ ఉన్నది, నీటిపై తేల్చిన నమూనా ఉన్నది. అన్నిటికీ మించి, కుట్టడం ఇంకా మరచిపోని చేతులు ఉన్నవి. ఆ చేతులు లేకపోతే మిగిలిన మూడూ నిష్ప్రయోజనం.

మన తీరంలో అట్టి చేతులను గూర్చి, వాటి మాటలను గూర్చి రచయితలు చేయవలసిన పని ఉన్నది. తెరచాప, చుక్కాని, లంగరు, తెడ్డు వంటి నాలుగు మాటలతో మన సాహిత్యంలో ఓడ పూర్తవుతున్నది. పడవకు వాడే కొయ్యల పేర్లు, నార ముడుల పేర్లు, సందులు పూడ్చే గుగ్గిలపు పాకాల పేర్లు, గాలుల పేర్లు కోరంగి, తాళ్ళరేవు, నరసాపురం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ తీరాలలో వృద్ధుల నోళ్ళలో వెదకవలసి ఉన్నది. నిఘంటువుకు అందని మాటను సేకరించడానికి పండితులు రేవుకు పోతారు; పోవలసినదే. రేవు దగ్గరతో ఆగిపోరాదు, ఇంటిలోనికి కూడ పోవాలి. పడవలు చేసే కుటుంబాలలో పిల్లలకు చేసియిచ్చే ఆటపడవ ఏ కొయ్యతో చేస్తారు, దానికి ఏ భాగాన్ని ఏమని పిలుస్తారు, ఏ వయసున బిడ్డ చేతికి ఉలి ఇస్తారు అని తల్లులను, తాతలను అడగాలి. కొండపల్లిలో తెల్లపొణికి కొయ్య, ఏటికొప్పాకలో అంకుడు కొయ్య బొమ్మల వలన ఎంత విద్య తరతరాలకు దిగివచ్చినదో మనకు తెలుసు. తీరంలోని ఆటపడవను గూర్చి కూడ ఆమాత్రం శ్రద్ధ వహించినట్లయితే, కోరంగి ఓడకు పారిస్‌లోనే గాక తెలుగులో కూడ ఒక నమూనా ఏర్పడుతుంది. ఆ నమూనా ఇప్పటికి మాటలతో కట్టినదైనా చాలును. పలకలు వేయడం తెలిసినవారు కొందరైనా మిగిలి ఉండగానే ఆ పని ప్రారంభం కావాలి.